సున్నిపిండి మీద పంచాయితీ

దుగ్గిరాలలో ఒక డ్వాక్రా సంఘం. అందులోని ఆడవాళ్ళు సున్నిపిండి పట్టించి పావుకిలో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. సంఘానికి పెద్దదిక్కుగా ఉన్నావిడ, ప్యాకెట్ మీద అంటించే చీటీని అచ్చుకివ్వబోయే ముందు, గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరుగా ఉన్న మేనకోడలికి ఫోన్లో పంపింది. చీటీ మీద నాలుగు మాటలు: అచ్చంగా వంటింటి దినుసులు. కెమికల్స్ లేవు. పసిపిల్లలకూ వాడవచ్చు. వారంలో రంగు తేలుతుంది. మేనకోడలు నాలుగింటికీ అడ్డగీతలు కొట్టి తిప్పి పంపింది. కోపాలొచ్చాయి. ఆదివారం తనే బయల్దేరి వచ్చింది. వీళ్ళిద్దరూ నా కల్పన. వాదన మాత్రం కాదు, ఆడపిల్లలున్న ఏ ఇంటికి వెళ్ళినా ఇందులో సగం వినిపిస్తుంది.

అత్త: నాలుగు మాటలు రాస్తే నాలుగూ కొట్టేశావు. ఒక్కటన్నా పనికి రాలేదా? ఏడాది నిండేదాకా మీ అమ్మ నీకు సబ్బు ముక్క తగలనివ్వలేదు. పెసరపిండితో పెరిగిన ఒళ్ళే నీది.

డాక్టరు: ఆముదం కూడా పట్టించారుగా అత్తా. అందుకని ఇప్పుడు నేను ఎవరికీ ఆముదం రాయట్లేదు.

అత్త: వెటకారం తర్వాత. మొదటి మాటకి ఏం వంక పెడతావో పెట్టు. పెసలు, పచ్చిశనగపప్పు, గుప్పెడు బియ్యం, మెంతులు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, నారింజ తొక్కలు, వట్టివేళ్ళు, గులాబి రేకులు. అన్నీ గలగలమనేదాకా డాబా మీద ఎండబెడతాం. మరలో ముందు పిడికెడు బియ్యం పోసి తిప్పిస్తాం. మిరపకాయలు పట్టే మర కదా, అలా కడగకపోతే పూసుకున్నవాళ్ళు గంతులేస్తారు. ఇంత శుభ్రంగా చేస్తుంటే నీకేంటి బాధ? తినేదే కదా, ఒంటికి రాస్తే ఏం పోయింది?

డాక్టరు: కచ్చూరాలు ఏ కూరలో వేస్తావు? బావంచాలతో పులుసు పెడతావా?

అత్త: అవి దినుసుల కొట్లో కొంటాం.

డాక్టరు: మరి అచ్చంగా వంటింటివి అని రాస్తే అబద్ధమేగా. అది చిన్న విషయం, వదిలేద్దాం. నా అసలు గొడవ నువ్వు చివర అన్న మాటతో. తినేదే కదా అని. మిరపకాయ కూడా తినేదే. గంతులేస్తారని నువ్వే అన్నావు.

అత్త: మాటకి మాట అనడం మీ నాన్న పోలిక.

డాక్టరు: మాట కోసం అనట్లేదు. పొట్ట పని లోపలికి వచ్చినదాన్ని అరిగించి ఒంట్లో కలుపుకోవడం. చర్మం పని బయటిదాన్ని బయటే ఆపడం. పగిలిన చర్మం మీద, తామర (ఎగ్జిమా) ఉన్న చర్మం మీద తిండి పదార్థం పడితే ఒళ్ళు దాన్ని పగవాడిగా గుర్తు పెట్టుకునే ప్రమాదం ఉంది. జపాన్‌లో జరిగింది. మొహం కడుక్కునే సబ్బు ఒకటి, గోధుమ ప్రోటీన్ కలిపి చేశారు. లక్షల్లో అమ్ముడుపోయింది. పుట్టినప్పటి నుంచీ రొట్టెలూ నూడుల్సూ తింటూ వచ్చినవాళ్ళకి, ఆ సబ్బు వాడాక గోధుమ తింటే దద్దుర్లు, కళ్ళు వాయడం, ఊపిరాడకపోవడం మొదలైంది. 2011లో సబ్బును వెనక్కి పిలిపించారు. లెక్క తేలేసరికి రెండు వేల మందికి పైగా దాని బారిన పడ్డారు. గోధుమ తినేదే కదా?

అత్త: ఆ గోధుమని వాళ్ళు ఏం చేసి కలిపారో ముందు అది చెప్పు.

డాక్టరు: యాసిడ్‌తో ఉడికించి ముక్కలు చేశారు. నురగతో పాటు చర్మంలోకి దిగేలా.

అత్త: అదీ సంగతి. నా పెసల్ని నేను యాసిడ్‌లో ఉడికించలేదు. ఫ్యాక్టరీ చేసిన తప్పుకి నా డబ్బా మీద కేసు పెడుతున్నావు.

డాక్టరు: ఆ మాట నిజమే. మామూలు పిండికి అంత పని జరగదు. పెద్దవాళ్ళ గట్టి చర్మం మీద రుద్ది కడిగేసుకుంటే పెసరపిండితో నాకే పేచీ లేదు. పసిపిల్లల దగ్గరే పేచీ. లండన్‌లో గిడియన్ ల్యాక్ అనే డాక్టరు బృందం 2003లో ఒకటి గమనించింది. పల్లీ పడని పిల్లల్లో చాలామందికి పసితనంలో పల్లీనూనె కలిసిన పూతలు రాసి ఉన్నారు. నోటి ద్వారా పరిచయమైతే ఒళ్ళు ఒప్పుకుంటుంది, పుండుపడిన చర్మం ద్వారా పరిచయమైతే తిరగబడుతుంది అన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. అందుకే చీటీ మీద మూడో మాట కొట్టేశాను.

అత్త: పసిపిల్లలకి నీళ్ళు పోయడం గురించి నువ్వు నాకు చెబుతావా? ఈ వీధిలో సగం మంది పిల్లలకి నేనే పోశాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, చీలమండల వైపు తల వచ్చేలా బిడ్డని బోర్లా వేసుకుని, ముందు వీపు నిండా నూనె. వెన్నుపూస పక్కన బొటనవేళ్ళతో కిందకి దువ్వుకుంటూ రావాలి. బిడ్డ అప్పటికే ఏడుపు మానేస్తుంది. అప్పుడు పిండి. తర్వాత నీళ్ళు, మొహం మీదికి జారకుండా నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి. తుడిచి సాంబ్రాణి పట్టి పడుకోబెడితే మూడు గంటలు లేవదు. ఇందులో నీ లండన్‌కి ఏం తప్పు కనబడింది?

డాక్టరు: నూనె దాకా ఒక్క తప్పూ లేదు. పైగా సాక్ష్యం నీ వైపే ఉంది. ఢాకాలో పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి రోజూ పొద్దుతిరుగుడు నూనెతో మర్దనా చేసి చూశారు. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు నూనె రాయని పిల్లలతో పోలిస్తే వీళ్ళలో దాదాపు 40 శాతం తగ్గాయి. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ బిడ్డల చర్మం కాగితం కంటే పలచన, సూక్ష్మజీవులు నేరుగా లోపలికి పోతాయి. నూనె అడ్డు నిలిచింది.

అత్త: వంటనూనె!

డాక్టరు: అవును, వంటనూనే. కొబ్బరినూనె మీదా మంచి ఫలితాలున్నాయి, పొడిబారి దురదపెట్టే పిల్లల చర్మానికి. నూనె రాయి, బొటనవేళ్ళతో దువ్వు, అరచెయ్యి అడ్డం పెట్టు. పిండి ఒక్కటి మానెయ్. మెడ మడతలో, చంకలో, గజ్జల్లో ఇరుక్కున్న పిండి తడికి నాని ఒరిసి ఎర్రగా పుండవుతుంది. ఆ పుండు మీద రేపు మళ్ళీ అదే పిండి.

అత్త: నూగు పోవద్దా మరి? పిండి రుద్దితేనే పోతుంది.

డాక్టరు: రుద్దకపోయినా పోతుంది. పుట్టినప్పుడుండే నూగు కొన్ని వారాల్లో తనంతట తనే రాలిపోతుంది. ఆ పేరు పిండి కొట్టేస్తోంది. సాంబ్రాణి సంగతి ఎత్తితే ఇవాళ ఇంటికి వెళ్ళలేను, అందుకని ఎత్తట్లేదు.

(ఇక్కడ డాక్టరు దాటేసినదాన్ని నేనూ దాటేస్తున్నాను. తలుపులు మూసిన గదిలో పొగ మంచిది కాదని అత్తకీ తెలుసు. అయినా తలుపులు మూస్తుంది.)

అత్త: సరే, పసిపిల్లల మాట తీసేస్తా. కెమికల్స్ లేవన్నదాంట్లో ఏముంది కొట్టెయ్యడానికి? మా ప్యాకెట్లో నీ పేరబెన్లూ గీరబెన్లూ ఏవీ లేవు.

డాక్టరు: లేవు, ఎందుకంటే వాటి అవసరం లేదు. నీళ్ళున్న క్రీమే చెడిపోతుంది. బూజు పట్టకుండా, సూక్ష్మజీవులు పెరగకుండా ఏదో ఒకటి కలపక తప్పదు. నీది పొడి. తడి చెయ్యి డబ్బాలో పెడితే నువ్వు అరిచే అరుపు నాకింకా గుర్తుంది. ఆ ఒక్క నియమంతో నీ పిండి నెలల తరబడి నిలుస్తుంది. ఇంట్లో చేసుకునే పూతల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది అదే. ఇప్పటి పిల్లలు కలబంద గుజ్జు, గులాబీ నీళ్ళు, పెరుగు కలిపి సీసాలో పోసి, వారం పాటు ఫ్రిజ్‌లో పెట్టి రాసుకుంటున్నారు. రెండో రోజు నుంచి అందులో ఏమేం పెరుగుతున్నాయో కంటికి కనబడదు.

అత్త: మెచ్చుకున్నావు కదా, మరి గీత ఎందుకు?

డాక్టరు: బావంచాల కోసం.

అత్త: బావంచాలకేం వచ్చింది? మా అమ్మమ్మ వేసేది.

డాక్టరు: ఆవిడ ఎందుకు వేసేది? అడిగావా ఎప్పుడైనా?

అత్త: చర్మానికి మంచిదని. మచ్చలు పోతాయని.

డాక్టరు: ఏ మచ్చలు? బొల్లి మచ్చలు. ఆయుర్వేదంలో బాకుచి అంటే ఇదే. తెల్లబడిన చోట మళ్ళీ రంగు తెప్పించే గింజ. ఇందులో సోరాలెన్ అని ఉంటుంది. అది చర్మానికి పట్టాక ఎండ తగిలితే ఆ చోట చర్మం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కాలుతుంది, తర్వాత నల్లబడుతుంది. ఇంగ్లీషు వైద్యం కూడా ఆ గుణాన్నే వాడుకుంటుంది. బొల్లికీ సొరియాసిస్‌కీ సోరాలెన్ ఇచ్చి, అల్ట్రావయొలెట్ దీపం కింద నిలబెడతాం. ఎంతసేపన్నది లెక్క ప్రకారం పెంచుకుంటూ పోతాం, కళ్ళకి అద్దాలు పెడతాం, ఆ రోజంతా ఎండలోకి వెళ్ళొద్దంటాం. అంత జాగ్రత్తగా ఇచ్చే మందుని నువ్వు పావుకిలో ప్యాకెట్లో ఎంత వేశావో నీకే తెలియదు. పైగా రంగు తేలుతుందని రాశావు. నీ చీటీ ఒకటి చెబుతోంది, నీ గింజ దానికి సరిగ్గా ఎదురు పని చేస్తోంది.

అత్త: ఇన్నేళ్ళుగా రాసుకుంటున్నాం, ఒక్కరన్నా కాలి చచ్చారా?

డాక్టరు: లేదు. ఎందుకు లేదో నువ్వే చెప్పు. నలుగు ఎప్పుడు పెట్టేవాళ్ళు?

అత్త: నరక చతుర్దశికి, భోగికి, పెళ్ళిళ్ళకి, పురిటికి. ఇంట్లో ఆడపిల్లలకైతే శుక్రవారం తలంట్లకి. తెల్లారుజామున. దీపావళి ముందు రోజైతే చుక్క ఉండగానే లేపేవాళ్ళం.

డాక్టరు: ఎంతసేపు ఉంచేవాళ్ళు?

అత్త: ఉంచడమేంటి? నువ్వుల నూనె పట్టించి, పిండి నలిచి, వత్తులు వత్తులుగా మట్టి వస్తుంటే రాలగొట్టి, వెంటనే కాగు నీళ్ళు పోసెయ్యడమే.

డాక్టరు: ఒంటి నిండా ముందే నూనె ఉంది. పిండి ఉన్నది నాలుగు నిమిషాలు. అందులో బావంచాలు రవ్వంత. తర్వాత చెంబుల కొద్దీ వేన్నీళ్ళు. ఎండ ఇంకా రాలేదు. అందుకే ఎవరూ కాలలేదు. ఇప్పుడు నీ ప్యాకెట్ కొన్న పిల్ల ఏం చేస్తుంది? పెరుగులో కలిపి మొహానికి దట్టంగా పట్టించి, ఫ్యాను కింద అరగంట ఆరబెట్టి, కడుక్కుని, పదకొండింటికి స్కూటీ ఎక్కి తెనాలి వెళ్తుంది. వారానికి నాలుగుసార్లు.

అత్త: అలా వాడమని మేం చెప్పలేదుగా.

డాక్టరు: ఎలా వాడాలో కూడా చెప్పలేదు. చీటీ నిండా పొగడ్తే ఉంది, వాడే పద్ధతి ఒక్క ముక్క లేదు.

(అత్త కాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఒప్పుకోవడం కాదు. ఆవిడ తరహా మనుషులు మౌనంగా ఉన్నప్పుడు కొత్త ఆయుధం వెతుకుతుంటారు. దొరికింది.)

అత్త: మొన్న మా కోడలు ఒక సీసా తెప్పించింది. చిటికెన వేలంత సీసా. దాని మీద బాకుచి అని రాసుంది. ఎనిమిది వందలు. ఇందాక నువ్వు ఎండకి కాలుతుందన్న గింజే కదా అది?

డాక్టరు: బాకుచియోల్ అని ఉంటుంది. అదే గింజ నుంచి తీసింది.

అత్త: మా ప్యాకెట్లో ఉంటే విషం, సీసాలో ఉంటే సీరమా?

డాక్టరు: సోరాలెన్ వేరు చేసి పడేసి, మిగిలినదాంట్లో ఆ ఒక్క పదార్థాన్ని మాత్రం తీసుకుంటారు. దానికి ఎండ గొడవ లేదు. 44 మందికి పన్నెండు వారాల పాటు కొందరికి అది, కొందరికి రెటినాల్ రాసి చూశారు. ముడతల మీద రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి, దీనితో మంట తక్కువ. 44 మంది అంటే పెద్ద పరీక్ష కాదు, ఎనిమిది వందలు పెట్టేంత సాక్ష్యమా అంటే నేనూ కాదనే అంటాను. కాని తేడా అక్కడే ఉంది. గింజలో ఏది మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుందో విడదీసి, ఇంత శాతం అని కొలిచారు. నీ మరలో రెండూ కలిసి పడతాయి.

అత్త: కొలిచినవాళ్ళు దుగ్గిరాల వచ్చి రైతు దగ్గర ఎంతకి కొన్నారో అది కూడా కొలిస్తే బాగుండేది. సరే, పసుపు సంగతి చెప్పు. ఈ ఊరు బతికేదే దాని మీద. అమెరికావాళ్ళంతటివాళ్ళు పసుపు మీద పేటెంటు పట్టారు. గుణం లేకుండానే పట్టారా?

డాక్టరు: పట్టింది పుండ్లు మానడానికి. రంగుకి కాదు. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి ఆ పేటెంటు వచ్చింది. మన సీఎస్‌ఐఆర్ వాళ్ళు సంస్కృత గ్రంథాలూ పాత పత్రికలూ తీసుకెళ్ళి, ఇది మా ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదేనని చూపించి 1997లో రద్దు చేయించారు. కొత్తది కాదు అని తేలింది అక్కడ. ఎంత బాగా పనిచేస్తుందన్నది ఆ కేసులో ఎవరూ తేల్చలేదు. పసుపులో ఉన్న కర్కుమిన్ గాజుపాత్రలో సూక్ష్మజీవుల్ని అణుస్తుంది, వాపు తగ్గిస్తుంది, నిజమే. నీళ్ళలో మాత్రం కరగదు, చర్మం దాటి లోపలికి పోదు, వెలుతురు తగిలితే విరిగిపోతుంది. కడిగాక మొహం మీద మిగిలేది పచ్చదనం. ఆ పచ్చటి ఛాయనే మీరు రంగు తేలడం అంటున్నారు.

అత్త: పెళ్ళికూతురి మొహం చూసి కూడా ఆ మాటే అంటావా?

డాక్టరు: పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు చుట్టూ పదిమంది ముత్తైదువులు, పాటలు, పరాచికాలు, వారం ముందు నుంచీ ఇంట్లో ఆ పిల్లకి ఒక్క పనీ చెప్పరు. మొహం వెలగకేం చేస్తుంది? ఆ వెలుగులో పసుపు వాటా ఎంతో నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు. ఒకటి మాత్రం చెప్పగలను, కొట్లో దొరికే పొడి కొనకు. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములు పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అద్దుతున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. అది సీసం. పిల్లల మెదడుకి దెబ్బ.

అత్త: మేం కొమ్ములు యార్డులో కళ్ళారా చూసి కొంటాం. కొరికి చూస్తాం. మరీ మెరిసే కొమ్ముని ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఇందులో మాత్రం నువ్వు నాకు నేర్పేదేం లేదు.

డాక్టరు: నిజమే, లేదు.

అత్త: ఇంకోటి. మొహానికి నిమ్మకాయ రుద్దుకునే పిల్లల్ని కూడా నా లెక్కలో వెయ్యకు. మా అమ్మ రసం పిండిన తొక్కతో మోచేతులు రుద్దుకునేది, ఆ తర్వాత అదే తొక్కతో ఇత్తడి చెంబు. మొహానికి ఎప్పుడూ పెట్టలేదు. ఎదురింటి పిల్ల వంటసోడా, నిమ్మరసం కలిపి రాసుకుని, బుగ్గలు కమిలి నా దగ్గరికే వచ్చింది, ఏం రాయాలని.

డాక్టరు: ఏం రాశావు?

అత్త: ఇంకేమీ రాయొద్దన్నాను. చల్లటి నీళ్ళతో కడిగి కొబ్బరినూనె పెట్టుకోమన్నాను.

డాక్టరు: నేనున్నా దాదాపు అంతే చెప్పేదాన్ని. చర్మం పైపొర పీహెచ్ 5కి అటూ ఇటూ ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర. ఒక్కో అంకెకి పది రెట్లు, అంటే వెయ్యి రెట్ల పులుపు. వంటసోడా 8 దాటి అటువైపు. రెండూ కలిపితే బుస్సుమని పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలింది గరుకు ఉప్పు. విటమిన్ సి కోసం అంటారు. వంద మిల్లీలీటర్ల నిమ్మరసంలో విటమిన్ సి మహా ఉంటే 50 మిల్లీగ్రాములు. పనిచేసే సీరంలో అదే వంద మిల్లీలీటర్లకి పది గ్రాములు పైమాటే. రెండు వందల రెట్లు. ఇంకో దరిద్రం ఏంటంటే, మన నిమ్మతొక్కలో కూడా బావంచాల్లోని సోరాలెన్‌కి చుట్టాలున్నాయి. విదేశాల్లో ఎండలో నిలబడి నిమ్మకాయలు పిండే బార్ పనివాళ్ళకి చేతుల మీద బొబ్బలొచ్చి, అవి మానాక నెలల తరబడి గోధుమరంగు చారలు ఉండిపోవడం వైద్య పుస్తకాలకెక్కింది. తెల్లబడాలని రాసుకున్న నిమ్మకాయ మచ్చ మిగిల్చి పోతుంది.

(అత్త పక్షాన నాదొక మాట. పాత పద్ధతి అని ఇప్పుడు చలామణి అవుతున్నవాటిలో చాలా వాటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. మొహానికి వంటసోడా, మొటిమకి టూత్‌పేస్టు, పంచదారా నిమ్మరసం కలిపి రుద్దడం ఏ అమ్మమ్మా చెయ్యలేదు. అమ్మమ్మ పేరు పెట్టి అమ్ముతున్నారు, ఆవిడేమో జవాబు చెప్పడానికి లేదు.)

అత్త: ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. మా పిండి వద్దు, నిమ్మకాయ వద్దు. మందుల షాపుకెళ్ళి ట్యూబు కొనుక్కుంటున్నారుగా, అది మంచిదా?

డాక్టరు: అది అన్నిటికంటే చెడ్డది. నా దగ్గరికి వచ్చే మొహాల్లో నీ పిండి వల్ల వచ్చినవి తక్కువ, ట్యూబు వల్ల వచ్చినవి ఎక్కువ. తామరకీ దురదకీ కొన్నాళ్ళు రాయాల్సిన స్టెరాయిడ్‌ని తెల్లబడతామని ఏళ్ళ తరబడి మొహానికి రాస్తారు. మొదటి వారం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు. మానేద్దామంటే మంట, మళ్ళీ రాస్తేనే తగ్గుతుంది. అదొక వ్యసనం. 2018లో ఈ పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చారు. అయినా అడిగితే ఇస్తున్నారు. ఇంకా పేరూ ఊరూ లేని ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం. కేరళలో మలప్పురం జిల్లాలో 2023లో వాటి వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి.

అత్త: మరి నా పిండి మీద పడతావేం? వాళ్ళ మీద పడు.

డాక్టరు: వాళ్ళ మీదా పడుతున్నాను. నీ చీటీ మీద నాలుగో మాట ఉన్నంతకాలం నువ్వూ వాళ్ళ వరసలోనే నిలబడ్డావు. రంగు తేలుతుందని రాశావంటే, రంగు తేలాలని ఆ పిల్లకి చెప్పినట్టే. వారం చూస్తుంది, తేలదు. పెసరపిండికి చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌తో ఏం సంబంధం? అప్పుడు ట్యూబు కొంటుంది. ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది 1975లో. 2020లో ఆ కంపెనీయే పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. వాళ్ళు వదిలేసిన మాటని నువ్వు ఏరుకుంటున్నావు.

అత్త: వాళ్ళకి నలభై అయిదేళ్ళు అమ్ముడుపోయాక సిగ్గొచ్చింది. మాకు నాలుగు ప్యాకెట్లు పోకముందే రావాలా? నీకు తెలియదే. పక్క ఊరి సంఘం వాళ్ళు మూడు రోజుల్లో తెల్లబడతారని రాస్తున్నారు. సంతలో వాళ్ళవే అయిపోతున్నాయి. మేం వారం అన్నాం, నయం కాదూ. ఈ డబ్బుతో ఇద్దరు పిల్లల ఇంటర్ ఫీజు కట్టాం. ఒంటికి శుభ్రం అని రాస్తే ఎవరు కొంటారు? శుభ్రానికి సబ్బు చాలదా?

డాక్టరు: చాలదు. అదే రాయి. మామూలు సబ్బు పీహెచ్ 9, 10. ఒంటి నూనెనంతా లాగేసి చర్మాన్ని బిరుసెక్కిస్తుంది, పొడిచర్మం వాళ్ళకి చలికాలం నరకం. నీ పిండి అంత క్షారం కాదు. పప్పుపిండి పైన తేలిన జిడ్డును పీల్చుకుని వచ్చేస్తుంది, కుంకుడుకాయలో నురగ తెచ్చే పదార్థం పెసల్లో, శనగల్లో కూడా కొద్దిగా ఉంటుంది. మురికి పోతుంది, నూనె కొంత మిగులుతుంది. ఇందాక వత్తులు వత్తులుగా మట్టి వస్తుందన్నావు చూడు, అందులో సగం నీ పిండీ నూనే, మిగతాది చచ్చిన చర్మం. అదంతా మట్టి కాదు.

అత్త: ఆ నలుగు వత్తులతోనే పార్వతీదేవి వినాయకుణ్ణి చేసింది. నువ్వు సగం పిండి అంటే ఎలా?

డాక్టరు: అందుకే ఆయన అంత బొద్దుగా ఉంటాడు.

అత్త: లెంపలేసుకో.

డాక్టరు: వేసుకున్నా. ఇప్పుడు చీటీ రాద్దాం, పెన్ను ఇలా ఇవ్వు. ముందు దినుసులన్నీ వరసగా. తర్వాత ఎప్పుడు పట్టించారో తేదీ, ఎన్నాళ్ళు నిలుస్తుందో. ఆ తర్వాత వాడే పద్ధతి: ముందు ఒంటికి నూనె రాసుకోవాలి, పిండి తడిపి మెల్లగా రుద్ది వెంటనే కడిగెయ్యాలి, ఆరనివ్వకూడదు. మొటిమలున్న మొహానికి, పుండ్లకి, ఏడాది లోపు పిల్లలకి వాడకూడదు. మోచేతి లోపల కొంచెం రాసి ఒకరోజు చూసుకోవాలి.

అత్త: ఇంత రాస్తే చీటీ ప్యాకెట్ కంటే పెద్దదవుతుంది.

డాక్టరు: ఇంకా ఉంది. ఇంట్లో వాడుకుంటే ఎవరూ అడగరు. ప్యాకెట్ కట్టి ఒంటికి రాసుకోమని అమ్మితే చట్టం లెక్కలో అది కాస్మెటిక్. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి.

అత్త: మరలో పిండి పట్టించుకోవడానికి లైసెన్సా?

డాక్టరు: అమ్మడానికి. మచ్చలు మానతాయి అని రాశావంటే మందు కింద లెక్కేసి ఇంకో లైసెన్సు అడుగుతారు.

అత్త: అయితే ఆ కాగితాలు నువ్వే నింపు. నాకు ఇంగ్లీషు రాదు. రంగు మాట తీసేస్తాను, దాని బదులు ‘పండుగ స్నానానికి’ అని పెడతాను. అది ఎవరూ కాదనలేరు. దీపావళికీ సంక్రాంతికీ అమ్ముకుంటాం, మిగతా రోజుల్లో ఎవరికి కావాలంటే వాళ్ళు కొనుక్కుంటారు.

డాక్టరు: బాగుంది. నాకు తట్టలేదు.

అత్త: నీకెలా తడుతుంది? సంతలో కూర్చున్నావా ఎప్పుడైనా? బావంచాలు తీసేస్తాను. నారింజ తొక్కలు ఉంచుకోనా?

డాక్టరు: బరకగా ఉంటే మొహం గీరుకుంటుంది. మెత్తగా జల్లించి కొద్దిగా వెయ్యి. కడిగేసేదే కాబట్టి ఫర్వాలేదు.

అత్త: బావంచాలు లేకపోతే వాసన మారుతుంది. ఎప్పుడూ కొనేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

డాక్టరు: తీసేశామని చెప్పు. ఎందుకు తీసేశారో కూడా చెప్పు.

అత్త: చెబితే, మరి ఇన్నాళ్ళూ ఎందుకు వేశారని అడుగుతారు.

డాక్టరు: అడగనీ.

అత్త: అడిగినవాళ్ళందరికీ నీ ఫోన్ నంబరిస్తాను. చీటీ మీద ఇంకా చోటుంటే అక్కడే అచ్చేయిస్తాను.